బ్రిస్బేన్ ప్యాడింగ్టన్‌లో ఇల్లు చూడబోతే: మిట్టా, వాలా, పల్లమా?

ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నడిబొడ్డుకు ఆనుకుని పడమటి వైపున్న పాత పేట ప్యాడింగ్టన్. ఒక పక్క రెడ్ హిల్, ఇంకో పక్క బార్డన్, దిగువన రోజలీ, మిల్టన్. మ్యాప్‌లో అంతా చదునుగానే కనిపిస్తుంది. దిగి నాలుగు వీధులు నడిస్తే పిక్కలు పట్టేస్తాయి. ఒకే వీధిలో ఈ చివరి ఇంటి గడప ఆ చివరి ఇంటి రేకుల కప్పుకన్నా ఎత్తులో ఉంటుంది. అందుకే ఇక్కడ పడకగదులెన్ని అని అడిగే ముందు, ఇల్లు మిట్ట మీదుందా, వాలులో ఉందా, పల్లంలో ఉందా అని అడగాలి. ఎండ, వాన నీళ్లు, చెదలు, కారు, బీమా అన్నీ దాన్నిబట్టే ఉంటాయి.

గివెన్ టెర్రస్, దాని కొనసాగింపుగా లట్రోబ్ టెర్రస్ మిట్ట నెత్తిన సాగుతాయి. పాత ట్రాములు నడిచిన దారి ఇదే, దుకాణాలూ కాఫీ హోటళ్లూ దీని వెంటే ఉండటానికి కారణమూ ఇదే. 1962 సెప్టెంబరు 28 రాత్రి ఇక్కడి ట్రామ్ డిపో తగలబడి 65 ట్రాములు పోయాయి. 1969లో ఊళ్లో ట్రాములే ఆగిపోయాయి. డిపో స్థలంలో ఇప్పుడు ప్యాడింగ్టన్ సెంట్రల్ షాపింగ్ సెంటర్ ఉంది. ట్రాముల దారిలో ఇప్పుడు 385 నంబరు బస్సు, మెరూన్ సిటీగ్లైడర్ అనే ఇంకో బస్సు తిరుగుతున్నాయి. 2024 ఆగస్టు నుంచి ఎంత దూరమెళ్లినా టికెట్టు 50 సెంట్లే. బస్సు విషయంలో వంక పెట్టడానికేమీ లేదు. అయితే ప్రకటనలో 'బస్‌స్టాప్‌కి 300 మీటర్లు' అని రాస్తే ఆ 300 మీటర్లూ ఎక్కుడేమో చూసుకోండి. స్ట్రోలర్ తోసుకుంటూనో, రెండు చేతుల్లో సామాను సంచులతోనో ఒకసారి ఎక్కి చూస్తే చాలు. రైలు కావాలంటే కిందికి మిల్టన్ స్టేషన్‌కు దిగాలి. పొద్దున దిగడం హాయిగానే ఉంటుంది, ఉక్కపోత సాయంత్రం తిరిగి ఎక్కడమే కష్టం.

చూడటానికి వెళ్లేవాళ్లు ఎక్కడ దిగాలి? మిల్టన్ స్టేషన్ దగ్గరి సర్వీస్డ్ అపార్ట్‌మెంట్లు సుఖంగానే ఉంటాయి. వంటిల్లుంటుంది, కింద చదును నేల, పక్కనే రైలు. కానీ అక్కడ పడుకుంటే ఈ పేట గురించి ఏమీ తెలియదు. క్యాక్స్టన్ స్ట్రీట్ చివర దిగితే శుక్ర, శనివారాల్లో బార్ల హోరు అర్ధరాత్రి దాటాకగానీ తగ్గదు. వీటన్నిటికన్నా, కొనాలనుకున్న వీధికి దగ్గర్లో పాత చెక్క ఇంట్లో కింది భాగం రెండు రాత్రులకు అద్దెకు తీసుకోవడం మేలు. పైన ఎవరు ఏ గదిలో నడుస్తున్నారో, పంపు ఎప్పుడు తిప్పారో పలక పలకా చెబుతుంది. కింది భాగం అద్దెకిచ్చి అప్పు తీర్చొచ్చని లెక్కలు వేసుకునేవాళ్లు ఆ చప్పుడు ముందు తమ చెవులతో వినాలి.

ఆ రెండు రాత్రుల్లో ఒకటి సన్‌కార్ప్ స్టేడియంలో మ్యాచ్ ఉన్న రోజయ్యేలా చూసుకోండి. 52,500 మంది పట్టే స్టేడియం అది. ఆట రోజుల్లో చుట్టుపక్కల వీధుల్లో పర్మిట్ లేని కార్లకు పార్కింగ్ ఆంక్షలుంటాయి, ఇంటికొచ్చిన చుట్టాల కారు పెట్టడానికీ చోటుండదు. (వాస్తు పట్టింపున్నవాళ్లకు ఓ మాట: 1875 వరకు ఆ స్టేడియం స్థలం ఊరి శ్మశానం. ఇప్పుడక్కడ రగ్బీ ఆడుకుంటున్నారు, ఎవరికీ ఏమీ కాలేదు.)

వాస్తు మాటెలాగూ వచ్చింది గనుక దిక్కుల సంగతీ చెప్పుకుందాం. దక్షిణార్ధగోళంలో సూర్యుడు ఉత్తరం వైపు వాలి నడుస్తాడు. చలికాలంలో హాలులోకి వెచ్చటి ఎండ రావాలంటే ఉత్తరం తెరిచి ఉండాలి. పడమటి వాలున్న ఇంటికి నీడనిచ్చే చెట్టుగానీ వెడల్పాటి వరండాగానీ లేకపోతే వేసవి మధ్యాహ్నం పలుచటి చెక్క గోడలు కాలిపోతాయి. దక్షిణపు వాలు లోతుగా ఉన్నచోట జూన్, జూలైలలో పెరడు ఆరదు, మెట్లకు నాచు పడుతుంది. తూర్పు ముఖం కోసమే పట్టుబట్టి ఇలాంటి ఇల్లు కొనుక్కుంటే ఏటా చలికాలంలో గుర్తొస్తూనే ఉంటుంది.

ఇక అసలు పరీక్ష ఇంటి కింద చేయాలి. ఇక్కడి పాత ఇళ్లు చెక్కవి, పునాది మీద కాక స్టంపులనే గుంజల మీద నిలబడతాయి. రోడ్డు వైపు గుంజ మోకాలెత్తుంటే పెరటి వైపు మనిషిన్నర ఎత్తు ఉండొచ్చు. ఓపెన్ హౌస్‌లో జనమంతా వంటిల్లు చూస్తుంటే మీరు టార్చి, స్క్రూడ్రైవర్, టేపు పట్టుకుని కిందికి వెళ్లండి. ఏజెంటుకు ఒక మాట చెప్పి, గుంజ మట్టిని తాకే చోట మొన ఆనించి నొక్కండి. గట్టి కొయ్య దిగదు. మెత్తగా దిగితే కుళ్లు మొదలైనట్టే. గుంజ తలపై తొడిగిన రేకు టోపీని యాంట్ క్యాప్ అంటారు. అది చెదల్ని ఆపుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి దాని పని చెదలు చాటుగా లోలోపలే పైకి పోకుండా చూడటం. అంచు దాటాలంటే బయటికొచ్చి మట్టి గొట్టం కట్టుకోవాలి, అప్పుడు మన కంట పడతాయి. ఆ రేకు తుప్పుపట్టి చిల్లిపడినా, గుంజకు ఆనించి మట్టో కట్టెలో పోసినా ఆ కాపలా లేనట్టే. కొన్ని గుంజలు కాంక్రీటువి, కొన్ని పాత కొయ్యవి అయితే సగమే మార్చారన్నమాట, మిగతావాటి ఖర్చు మీ నెత్తినే.

పైకొచ్చి తలుపులు వేసి చూడండి. తలుపు చెక్కను మూలన ఏటవాలుగా చెక్కి ఉంటే గుమ్మం వంగిందని అర్థం. గోడ పలకల మధ్య ఒకవైపు సందు పెద్దదై, రెండోవైపు మూసుకుపోయినా అంతే. వంగిన ఇంటిని జాకీలతో లేపి సరిచేయొచ్చు. లేపాక మాత్రం పైన టైల్సు పగులుతాయి, పైపులు లాగుకుంటాయి, కిటికీలు పట్టేస్తాయి. కోట్ తీసుకునేటప్పుడు ఇవి అందులో ఉన్నాయో లేవో అడగాలి.

కింది గదుల్లో టేపు పెట్టి కప్పు ఎత్తు కొలవండి. నివాసపు గదికి 2.4 మీటర్లు, వంటిల్లు, స్నానాలగది, లాండ్రీలకు 2.1 మీటర్లు ఉండాలి. 2.2 మీటర్ల గదిలో మంచం వేసి ఫొటో తీసినంత మాత్రాన అది పడకగది కాదు, ప్రకటనలో దాన్ని 'మల్టీపర్పస్ రూమ్' అనడంలో మర్మం అదే. పాత లాండ్రీ గోడలకూ చూరు కిందా ఉండే పలుచటి సిమెంటు షీట్లు 1990కి ముందువైతే ఆస్బెస్టాస్ కావచ్చు, మేకు కూడా కొట్టకండి. 1970కి ముందు వేసిన రంగుల్లో సీసం ఉండొచ్చు, చిన్నపిల్లలున్నవాళ్లు పొడిగా గీకించకూడదు.

కారు సంగతి. ఇంటి డ్రైవ్‌వేకు ప్రమాణం ప్రకారం గరిష్ఠ వాలు 1:4. పాతవి అంతకన్నా నిటారుగా ఉంటాయి, వాలు మారేచోట బండి అడుగు గీసుకుంటుంది. మీ కారుతోనే ఒకసారి దించి వెనక్కి ఎక్కించి చూడండి. పెరడును చదును చేయడానికి మట్టిని ఆపుతూ కట్టిన గోడ (రిటైనింగ్ వాల్) మీటరు దాటితే అనుమతి తప్పనిసరి, కాగితం అడగండి. చెక్క దిమ్మెల గోడ ముందుకు ఒరిగినా, కింద నీరు కారే రంధ్రాల్లేకపోయినా వెనక మట్టి నీళ్లు తాగి తోస్తున్నట్టు. అది హద్దు మీదుంటే ఇంకో తలనొప్పి: బ్రిస్బేన్ ఉన్న క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో పొరుగువాళ్లతో సగం ఖర్చు పంచుకునే కంచె చట్టం రిటైనింగ్ వాల్‌కు వర్తించదు.

నీళ్ల విషయంలో మూడు చోట్లకూ మూడు లెక్కలు. మిట్ట మీద వరద భయం లేదు, గాలివాన దెబ్బ మాత్రం మొదట తగిలేది అక్కడే. పల్లంలోని రోజలీ, మిల్టన్ భాగాలను నది 1974లోనూ 2011లోనూ ముంచింది. నది నీటిమట్టం కొలిచే సిటీ గేజీ దగ్గర అది 1974లో 5.45 మీటర్లు, 2011లో 4.46. 2022లో అది 3.85 మాత్రమే, అయినా మూడు రోజుల్లో 600 మి.మీ.కి పైగా వాన పడి వాగులూ వీధి కాలువలూ పొంగాయి. జనం పొరబడేది నడి వాలులో. నది దూరమే, కానీ పైన కురిసిన నీళ్లు ఇళ్ల మధ్య నుంచే కిందికి పోతాయి. కౌన్సిల్ వెబ్‌సైట్‌లో అడ్రసు కొడితే ఫ్లడ్‌వైజ్ ప్రాపర్టీ రిపోర్టు ఉచితంగా వస్తుంది. అందులో నది, వాగులతో పాటు 'ఓవర్‌ల్యాండ్ ఫ్లో' (ఇలా నేల మీద పారే వాన నీళ్లు) అన్న వరసనూ తప్పక చదవండి. రోడ్డుకన్నా దిగువనున్న ఇంటి కప్పు నీళ్లు రోడ్డు కాలువకు ఎక్కవు, వెనకింటి స్థలంలోంచి పైపు పోవాలి. దానికి హక్కు రాసి ఉందో లేదో లాయరు చూడాలి. మురుగు లైను కూడా తరచు పెరటి దిగువనే పోతుంది. పెరట్లో మ్యాన్‌హోల్ మూత కనిపిస్తే, అక్కడ గది కట్టే ఆలోచనకు నీళ్లు, మురుగు చూసే సంస్థ అర్బన్ యుటిలిటీస్ అనుమతి కావాలి.

స్థలాలు చిన్నవి. 1885 చట్టం కనీసం 16 పెర్చ్‌లు, అంటే 405 చదరపు మీటర్లు, మన లెక్కలో 484 గజాలు ఉండాలంది. అంతకుముందు కోసిన ముక్కలు ఇంకా చిన్నవి. 1946కో అంతకుముందో కట్టిన ఇల్లు కౌన్సిల్ క్యారెక్టర్ ఓవర్‌లేలో (పాత ఇళ్ల రూపాన్ని కాపాడే పరిధిలో) ఉంటే కూలగొట్టి కొత్తది కడదామన్న ఆశ పెట్టుకోవద్దు. వెనక పెంచుకోవచ్చు, ముందు ముఖం మాత్రం అలాగే నిలవాలి.

కొనే పద్ధతిలో తేడా పడేది వేలం దగ్గర. వేలానికి పెట్టిన ఇంటికి ఏజెంటు ధర అంచనా చెప్పకూడదు, పాడుకున్నాక వెనక్కి తగ్గే గడువూ ఉండదు. బిల్డింగ్ అండ్ పెస్ట్ తనిఖీ, లోను, లాయరు పరిశీలన అన్నీ ముందే ముగించాలి. మామూలు ఒప్పందమైతే వెనక్కి తగ్గడానికి 5 పనిదినాల గడువు (కూలింగ్ ఆఫ్) ఉంటుంది, రద్దు చేసుకుంటే అమ్మకందారు ధరలో 0.25 శాతం వరకు పట్టుకోవచ్చు. 2025 ఆగస్టు 1 నుంచి అమ్మేవాళ్లు ఆస్తి వివరాలు వెల్లడించే ఫారం 2 ఇవ్వాలి, కానీ అందులో వరద చరిత్ర ఉండదు, కట్టడం గట్టితనం ఉండదు, ఆస్బెస్టాస్ ఊసూ ఉండదు. తనిఖీ రిపోర్టులో 'ప్రవేశం పరిమితం' అన్న వాక్యం వెతకండి. వాలు పై అంచున, ఇల్లు నేలకు దగ్గరైన చోటికి మనిషి దూరలేదని దానర్థం. చెదలు ఎక్కువగా దాగేదీ అక్కడే.

తాత్కాలిక వీసా మీదున్నవాళ్లు ఇప్పుడు పాత ఇల్లు కొనలేరు. 2025 ఏప్రిల్ 1 నుంచి 2027 మార్చి 31 వరకు నిషేధం. మినహాయింపులో కొన్నా రాష్ట్రానికి అదనంగా 8 శాతం డ్యూటీ. ఈ పేటలో దాదాపు అన్నీ పాత ఇళ్లే గనుక, పీఆర్ వచ్చేదాకా అద్దెకుండి ఒక వానాకాలం చూసుకోవడం మంచిది.

సంతకానికి ముందు బీమా కొటేషన్ వరదతో కలిపి రాయించుకోండి. రాష్ట్రంలో వాడే మామూలు ఒప్పందం ప్రకారం సంతకమైన తర్వాతి పనిదినం సాయంత్రం 5 గంటల నుంచి ఇంటికి జరిగే నష్టానికి మామూలుగా కొన్నవాళ్లదే పూచీ. తాళాలు చేతికి రావడానికి అప్పటికింకా వారాలుంటాయి.