అల్మరాలో పట్టే స్టార్ వార్స్ నౌకలు: కొన్నేళ్ల తర్వాత నా తీర్పు

స్టార్ వార్స్ సినిమాల్లోని అంతరిక్ష నౌకకు లెగో ప్లాస్టిక్ ఇటుకలతో చేసిన నమూనా బాగుందో లేదో తేల్చడానికి నేను పెట్టే పరీక్ష ఒక్కటే. గదిలో దీపం ఆర్పి, కిటికీ వెలుతురుకు అడ్డంగా నౌకను నిలబెట్టి చూస్తాను. రంగులు పోతాయి, వివరాలు పోతాయి, ఆకారం మాత్రం మిగులుతుంది. అప్పటికీ అది ఏ నౌకో చటుక్కున పోల్చుకోగలిగితే ఆ సెట్టు గెలిచినట్టే.

చిన్న నమూనాల విషయంలో ఇంత పట్టుదల ఎందుకంటే, నౌకను ఎంత కుదించినా ఇటుక కుదించుకుపోదు. ఇటుక మీద పక్కపక్కన ఉన్న రెండు బొడిపెల నడిమి దూరం 8 మిల్లీమీటర్లు, పలుచని ప్లేటు మందం 3.2 మిల్లీమీటర్లు. ఈ కొలతలు మారవు. 2017లో వచ్చిన 7,541 ముక్కల మిలీనియం ఫాల్కన్‌లో (సినిమాలో హాన్ సోలో నడిపే నౌక) ఒక గొట్టం లేకపోయినా ఎవరి కంటా పడదు. 2024లో అదే నౌకను 921 ముక్కల్లో, సుమారు 24 సెంటీమీటర్ల పొడవులో చేశారు. అక్కడ ప్రతి బొడిపెకూ లెక్క చెప్పాలి.

ఆ చిన్న ఫాల్కన్ నాకు ఎంతో ఇష్టం. ముందుకు పొడుచుకొచ్చిన రెండు దవడలు, కుడి పక్కకు జరిగిన కాక్‌పిట్, గుండ్రని ఒళ్లు నీడలో కూడా స్పష్టంగా తెలుస్తాయి. పలకలన్నీ ఒకే దిశలో పేర్చితే ఆ గుండ్రదనం రాదు. అయిదు ప్లేట్ల మందం సరిగ్గా రెండు బొడిపెల వెడల్పుకు సమానం, రెండూ 16 మిల్లీమీటర్లే. ఇటుకలను పక్కకు తిప్పి బిగించే పనితనమంతా ఈ లెక్క మీద నడుస్తుంది. 1977లో వచ్చిన మొదటి స్టార్ వార్స్ సినిమా కోసం నమూనాలు చేసినవాళ్లు బొమ్మ ట్యాంకులు, విమానాల కిట్లలోని ముక్కలను అతికించి నౌకల ఒంటికి గరుకుదనం తెచ్చారు. వేరే పనికి పుట్టిన లెగో ముక్క ఇక్కడ యంత్రభాగంగా కనిపించినప్పుడల్లా నాకు వాళ్లే గుర్తొస్తారు.

ఆ మొదటి సినిమా ఆరంభంలో కనిపించే తిరుగుబాటుదారుల నౌక టాంటివ్ IV. దాని 654 ముక్కల సెట్టులో వెనకవైపే అందమంతా. పదకొండు ఇంజన్లూ గుత్తిగా కుదిరాయి. సన్నని మెడ నౌక కాబట్టి ఎత్తేటప్పుడు మాత్రం స్టాండుతో సహా ఎత్తాలి.

డార్త్ వేడర్ నౌక ఎగ్జిక్యూటర్‌కు చేసిన 630 ముక్కల సెట్టుది మరో పద్ధతి. కథలో 19 కిలోమీటర్ల నౌక, బల్ల మీద 43 సెంటీమీటర్లు. పక్కన రెండు బుల్లి స్టార్ డిస్ట్రాయర్లను, అంటే సామ్రాజ్యపు యుద్ధనౌకలను, పెట్టారు. కథలో ఒక్కొక్కటి 1,600 మీటర్లుండే ఆ నౌకలు ఇక్కడ వేలెడంత కూడా లేవు. అవి లేకపోతే ఇది మామూలు బూడిదరంగు త్రికోణం. వాటితో ఒక నగరమంత పెద్దదైపోతుంది. కొలతను చూపించడంలో ఇంతకన్నా తెలివైన చిన్న సెట్టును నేను చూడలేదు.

2014లో మొదలైన మైక్రోఫైటర్స్ అనే బుల్లి నౌకల వరుసకు మాత్రం నా దగ్గర తక్కువ మార్కులే. బొమ్మ మనిషి కూర్చోవడానికి చోటిచ్చేసరికి నౌక కుర్చీలా తయారవుతుంది. పిల్లల చేతుల్లో అవి ఎంతైనా హాయిగా ఎగురుతాయి, అల్మరాలో నిలబెడితే తేలిపోతాయి.

కొన్నేళ్లుగా విప్పి కడుతున్నా ఇటుకల పట్టు సడలలేదు. నేరుగా ఎండ తగిలే చోట పెట్టకండి, తెల్లవీ లేత బూడిదరంగువీ పసుపెక్కుతాయి. దుమ్ము బొడిపెల సందుల్లో చేరుతుంది. గుడ్డతో తుడిస్తే సన్న ముక్కలు ఊడొస్తాయి, మెత్తని రంగుల కుంచె అయితే చాలు.