ఓక్ చెక్క నేల మీద ఎంజైమ్ క్లీనర్: మూడేళ్ల వాడకం తరువాత

న్యూజెర్సీలో మేముంటున్న పాత ఇంట్లో నేలంతా ఓక్ చెక్కే. మా ముసలి పిల్లికి మూత్రపిండాల జబ్బు వచ్చి, పడకగది కిటికీ కింద ఒకే మూలన మూత్రం పోయడం మొదలైనప్పటి నుంచి, అంటే మూడేళ్లుగా, ఎంజైమ్ క్లీనర్, అంటే మూత్రపు వాసనకు కారణమైన పదార్థాలను విడగొట్టే ఎంజైమ్‌లున్న ద్రావణం, వాడుతున్నాను.

అంతకుముందు వినిగర్ కలిపిన నీళ్లతో తుడిచేదాన్ని. ఆ పూటకు వాసన పోయినట్టే ఉండేది కానీ, వాన పడి గాలిలో తేమ పెరగగానే మళ్లీ గుప్పున కొట్టేది. మూత్రంలోని యూరిక్ ఆమ్లం నీటిలో సులభంగా కరగక, పలకల సందుల్లో స్ఫటికాలుగా మిగిలిపోవడమే దీనికి కారణం. వాటిని విడగొట్టే పని ఎంజైమ్‌లు చేస్తాయి, నిజంగానే చేస్తాయి.

అయితే సీసా మీద ఉన్నట్టు ద్రావణాన్ని ధారాళంగా పోసి పావుగంట నాననిస్తే చెక్క ఉబ్బుతుంది. తివాచీకి సరిపోయే ఆ పద్ధతి చెక్కకు సరిపోదు. నేను తాజా తడిని రుద్దకుండా పొడిగుడ్డతో అద్ది తీసి, ద్రావణంలో తడిపి పిండిన గుడ్డను మరక మీద పరచి, ఆరిపోకుండా పైన ప్లాస్టిక్ కాగితం కప్పి, 15 నిమిషాల తరువాత తీసి, పొడిగా తుడిచి ఫ్యాను వేస్తాను. పాత వాసనకు రోజు విడిచి రోజు మూడు నాలుగు సార్లు ఇలా చేయవలసి వచ్చింది. చీకట్లో అల్ట్రావయొలెట్ టార్చి వేసి చూస్తే, నేను తుడుస్తున్న చోటికి జానెడు అవతల, గోడ వెంబడి ఉన్న స్కర్టింగ్ బద్ద కిందికి కూడా మూత్రం పారిందని తెలిసింది. టార్చి మొదటే కొనవలసింది.

నల్లటి మరకల విషయంలో మాత్రం ఈ క్లీనర్ ఏమీ చేయలేదు. పూత అరిగిన చోట మూత్రం లోపలికి ఇంకి, ఓక్‌లో సహజంగా ఉండే టానిన్లనే వగరు పదార్థాలతో కలిసి చెక్క రంగునే మార్చేసింది. 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో తడిపిన గుడ్డను కొన్ని గంటలు ఉంచితే రెండు మరకలు పలచబడ్డాయి, మూడవది చుట్టుపక్కల కంటే తెల్లగా తేలింది. చివరికి ఆ మూలను సాండింగ్ చేయించి (గరుకు కాగితంతో పై పొర అరగదీయించి), పాలియురేతేన్ అనే వార్నిష్ మూడు పూతలు వేయించాము. అప్పటి నుంచి మూత్రం పైనే నిలుస్తోంది, క్లీనర్ సగం శ్రమతో పని చేస్తోంది.

బ్లీచ్ జోలికి మాత్రం దయచేసి పోకండి. మూత్రంలోని అమ్మోనియాతో కలిస్తే విషవాయువు పుడుతుంది.

స్కర్టింగ్ బద్ద వెనుక వాన రోజుల్లో ఇప్పటికీ కొంచెం వాసన తెలుస్తోంది. ఈ వేసవిలో దాన్ని ఊడదీయించి, వెనుక కూడా ద్రావణం పట్టించాలి.