ట్రంకురోడ్డు స్టూడియోలో మా 2020 బ్యాచ్ గ్రూపు ఫొటో

పట్టా గౌనూ టోపీ ఫొటో కోసమైతే ఇక్కడికి రాకండి. గ్రూపు ఫొటో కావాలంటే మాత్రం, నెల్లూరులో నాకు తెలిసి ఈ స్టూడియో పెద్దాయన తర్వాతే ఎవరైనా.

గౌను సంగతి ముందు చెప్పేస్తా. ఉన్నవి రెండే సైజులు, రెండూ నాలాంటి పొట్టివాళ్లకు కాళ్ల కింద పడతాయి. ఒక టోపీకి కుచ్చు ఊడిపోయింది. వెనక పరదా మీద ఏదో విదేశీ కాలేజీ బిల్డింగు, దాని ముందు మంచు. బుచ్చిరెడ్డిపాళెం నుంచి ఆర్టీసీ పాసు మీద వచ్చి బీకాం చదివినదాన్ని మంచులో నిలబెడితే మా అమ్మ కూడా నమ్మదు. ఉత్త నీలం పరదా అడిగితే వేశారు, అంతవరకూ నయం. అద్దెతో కలిపి 300. దండగ.

మేం అసలు పోయింది గ్రూపు ఫొటోకి. మాది 2017-20 బీకాం కంప్యూటర్స్. మా కాలేజీలో గౌన్లు ఎవరూ ఎరగరు. మూడో ఏడాది చివర ఆడపిల్లలు చీరలు కట్టుకుని, మగపిల్లలు తెల్లచొక్కాలు వేసుకుని, లెక్చరర్లను ముందు కుర్చీల్లో కూర్చోబెట్టి వెనక బెంచీలెక్కి దిగే ఫొటో, అదే మాకు పట్టా పండగ. మాది 2020 మార్చి నెలాఖరుకని చెప్పారు. ఆ నెలలోనే రాష్ట్రంలో మొదటి కరోనా కేసు మన నెల్లూరులో బయటపడింది, ఇటలీ నుంచి వచ్చిన కుర్రాడికి. అప్పట్నుంచే క్లాసులు పల్చబడ్డాయి. 22న జనతా కర్ఫ్యూ, ఆ వెంటనే లాక్‌డౌన్. ఫొటో కోసం కుట్టించుకున్న జాకెట్టు బీరువాలోనే ఉండిపోయింది. (ఇప్పుడు పట్టదు, అది వేరే సంగతి.)

పరీక్షలు పెడతారా, పాస్ చేసేస్తారా అని వేసవంతా వాట్సాప్ గ్రూపులో ఒకటే పోట్లాట. చివరి ఏడాది వాళ్లకు పరీక్ష లేకుండా డిగ్రీ ఇవ్వడానికి లేదని సుప్రీంకోర్టు ఆగస్టు 28న తేల్చేసింది. కోరిక తీరాలని రొట్టెలు ఇచ్చిపుచ్చుకునే మన రొట్టెల పండగ కూడా ఆ ఏడాది జనంతో జరగలేదు కాబట్టి స్వర్ణాల చెరువులో చదువు రొట్టె పట్టుకుందామన్నా కుదరలేదు. మాస్కులతో, దూరం దూరంగా కూర్చుని రాశాం. ఆఖరి పేపరు అయ్యాక గుంపుగా నిలబడొద్దని అటెండరు అరుస్తుంటే ఎవరి బస్సు వాళ్లం ఎక్కేశాం. అంతే మా వీడ్కోలు.

ఇన్నేళ్ల తర్వాత మళ్లీ ఒకచోట చేరాలనుకున్నప్పుడు ముందు అదే రోడ్డులో ఇంకో షాపుకి పోయాం. రానివాళ్ల ఫొటోలు వాట్సాప్‌లో పంపితే తలకి 50 చొప్పున అతికించేస్తానన్నాడు. చూపించిన నమూనాలో అతికించినవాళ్ల నీడలు ఒకవైపు, మిగిలినవాళ్లవి ఇంకోవైపు పడున్నాయి. వద్దనుకుని ఇక్కడికొచ్చాం.

ఈ పెద్దాయన రీళ్ల కాలం నుంచీ కాలేజీల గ్రూపు ఫొటోలు తీస్తున్నాడు. ఫిబ్రవరి, మార్చి ఆయనకి సీజను. 2020లో సగం కాలేజీల బుకింగులు పోయాయట, తర్వాత పెళ్లిళ్లకి 50 మందే అన్నప్పుడు ఆల్బమ్‌లూ పోయాయట. ఆ ఏడాది పని లేక కుర్రాణ్ని మాన్పించి, పాస్‌పోర్టు ఫొటోల మీద బతికాడట. ఇదంతా మేం అడిగితే చెప్పాడు, దాన్ని పెట్టుకుని బేరం మాత్రం పెంచలేదు.

పొద్దున ఎనిమిదికల్లా రమ్మన్నాడు. తొమ్మిది దాటితే మన ఎండకి సగం మంది కళ్లు మూస్తారని. మేడ మీద నీడపట్టున కుర్చీలు, వాటి వెనక బెంచీలు, ఆ వెనక బల్లలు ముందే వేసి ఉంచాడు. ఒక్కొక్కర్నీ ఎత్తు చూసి నిలబెట్టాడు. జబ్బలు కొంచెం పక్కకి తిప్పించాడు, దాంతో వరసలో ఇద్దరు ఎక్కువ పట్టారు. బొజ్జలున్న మగపిల్లలు వెనక్కి పోయారు, అడక్కుండానే! చంటిపిల్లతో వచ్చిన స్నేహితురాల్ని కుర్చీల పక్కన కూర్చోబెట్టాడు.

వచ్చినవాళ్లలో ఒక తమాషా. మేం చేరినప్పుడు కందుకూరువాడిది ప్రకాశం జిల్లా, సూళ్లూరుపేట పిల్లది నెల్లూరు జిల్లా. 2022 ఏప్రిల్లో జిల్లాలు మార్చాక వాడు మా జిల్లావాడయ్యాడు, ఆ పిల్ల తిరుపతి జిల్లాకి పోయింది. ఆ పొద్దంతా వాడు దాన్ని పొరుగు జిల్లా అని ఏడిపిస్తూనే ఉన్నాడు.

పేచీ బ్యాచ్ పేరూ తేదీ రాసే పలక దగ్గర వచ్చింది. కింద తేదీ మార్చి 2020 అని వేయమన్నాం. ఆయన ఒప్పుకోలేదు. "బ్యాచ్ మీది, ఎట్టైనా రాసుకోండి. తేదీ నాది మా. నేను తీసింది ఈ పొద్దు." మావాళ్లు కొందరికి కోపం వచ్చింది. నాకు మాత్రం ఆ మాట నచ్చింది. వెనక వరసలో బట్టతలలు పెట్టుకుని 2020 అంటే ఎవరు నమ్ముతారు?

ఇంకోటి, మా అకౌంట్స్ సార్ పేరు. 2021 మేలో, ఊళ్లకి ఊళ్లు కరోనాకని కృష్ణపట్నం ఆనందయ్య మందు కోసం క్యూ కట్టిన రోజుల్లో, సార్ పోయారు. గ్రూపు ఫొటో కింద కూర్చున్నవారు, నిల్చున్నవారు, చివర రానివారు అని పేర్లు వేస్తారు కదా. మేం రాసిచ్చిన కాగితంలో సార్ పేరు రానివారిలో ఉంది. పెద్దాయన చదివి, ఎవరని అడిగి, పెన్ను తీసి అక్కడ కొట్టేశాడు. "బడికి రానోళ్ల వరసలో అయ్యవారిని పెడతారా?" అన్నాడు. కూర్చున్నవారిలో వేద్దామంటే అదీ అబద్ధమే. ఆఖరికి ఆయనే పైన, బ్యాచ్ పేరుకి కింద, సార్ పేరు రాసి, పక్కన "గారి విద్యార్థులు" అని చేర్చాడు. వచ్చిన ఇద్దరు మేడమ్‌లూ సరేనన్నారు. ఒక మేడమ్ ఆ కాగితాన్నే ఫోన్లో ఫొటో తీసుకున్నారు.

ఇక తిట్టాల్సినవి. మెట్లు నిటారుగా ఉన్నాయి, లిఫ్టు లేదు, మోకాళ్ల నొప్పులున్న మేడమ్‌ని చెయ్యి పట్టుకుని ఎక్కించాం. బండి పెట్టుకోను చోటు లేదు, గాంధీబొమ్మ అవతల పెట్టుకుని నడవాలి. ముహూర్తాల రోజుల్లో ఫోను ఎత్తరు, షాపులో ఉండేది కుర్రాడొక్కడే, వాడికి గ్రూపు ఫొటో గురించి ఏమీ తెలీదు. చెప్పిన తేదీకి ప్రింట్లు రాలేదు. సగం అడ్వాన్సు ముందే ఇవ్వాలి, ఫోన్‌పే తీసుకుంటారు. 12×18 సైజు ప్రింటు అట్టతో సహా 350, అది న్యాయమే. రంగులు బాగున్నాయి, ముఖాలకి పౌడరు కొట్టినట్టు తెల్లగా చెయ్యలేదు. ఫ్రేము మాత్రం ఇక్కడ కట్టించకండి, అద్దం పల్చన. ఫైలు పెన్‌డ్రైవులో వేసివ్వడానికి 500 అడగడం అన్యాయం. మా ముఖాలు మాకివ్వడానికి అంతెందుకు?

కందుకూరువాడి ఇంటిపేరు తప్పు పడింది. దిద్దించాక ఇంకోలా తప్పు పడింది. మళ్లీ వేసిస్తానన్నాడు, పైసా అడగలేదు. నాలుగు స్టార్లు. ఆ 500 మానేస్తే అయిదోదీ ఇస్తా.