డావిన్సీ రిజాల్వ్: చిత్రాన్నీ శబ్దాన్నీ వేర్వేరుగా కోసుకునే సుఖం

ఒంగోలు చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళిళ్ళు, తిరునాళ్ళ వీడియోలు ఎడిట్ చేస్తూ డావిన్సీ రిజాల్వ్ అనే వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌ను కొన్నేళ్ళుగా వాడుతున్నాను. రంగులు దిద్దడంలో దానికున్న పేరు అందరికీ తెలిసిందే. నన్ను కట్టిపడేసింది మాత్రం రోల్ ట్రిమ్, అంటే రెండు షాట్లు కలిసే చోటును (కట్‌ను) అటూ ఇటూ జరపడం.

దాని విలువ ఎడ్ల బండలాగుడు పోటీల వీడియో కూర్చేటప్పుడు బాగా తెలిసింది. ఆరు పళ్ళ విభాగంలో (పళ్ళను బట్టి ఎడ్ల వయసు లెక్కగడతారు) ఒక జత బండను లాగుతున్న షాటు, దాని వెంటనే తాడు అవతల నిలబడి కేక వేస్తున్న యజమాని ముఖం. చిత్రాన్నీ శబ్దాన్నీ ఒకేచోట కోసినప్పుడు ఆ ముఖం ఎక్కడినుంచో ఊడిపడినట్టుండేది. ఆల్ట్ మీట నొక్కి పట్టుకొని చిత్రపు కట్‌ను మాత్రమే ఎంచుకొని, ఫుల్‌స్టాప్ మీటతో ఒక్కొక్క ఫ్రేమే కుడికి జరుపుతూ 12 ఫ్రేముల దగ్గర ఆపాను. సెకనుకు 25 ఫ్రేముల టైమ్‌లైన్‌లో అది అర సెకను లోపే. అయినా ఎడ్లు మెడలు వంచి లాగుతుండగానే కేక వినిపించింది, ఎవరిదా అని కన్ను వెతికేలోగా యజమాని కనిపించాడు. ఇదే జె కట్. అదే కట్‌ను ఎడమకు జరిపితే, పాత షాటు శబ్దం కొత్త చిత్రం మీదికి సాగి ఎల్ కట్ అవుతుంది.

రోల్‌లో ఒక షాటు తగ్గినంత మేరకు పక్కది పెరుగుతుంది కనుక మొత్తం నిడివి మారదు, తర్వాతి షాట్లలో పెదవులకూ మాటకూ పొంతన చెడదు. ఒక షాటు నిడివి మారిస్తే దాని తర్వాతివన్నీ జరిగే రిపుల్ ట్రిమ్‌లో ఆ భరోసా లేదు. అయితే ఎన్ని ఫ్రేములు తప్పిందో క్లిప్పు మీద ఎర్ర అంకెలు చూపిస్తాయి. ఏ షాటునైనా పొడిగించాలంటే కట్‌కు అవతల కొంత అదనపు ఫుటేజీ ఉండాలి. మాట ముగియగానే కెమెరా ఆపేసే మిత్రులు దయచేసి ఇది గమనించాలి.

ఇంత సుఖమూ ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్ కోసం ఫుటేజీకి తేలికపాటి నకళ్ళు, తయారుచేసుకున్నాకే. 8 జీబీ ర్యామ్ ఉన్న నా పాత కంప్యూటర్లో 4కె ఫుటేజీని నేరుగా పెడితే ప్లేబ్యాక్ ఆగి ఆగి నడుస్తుంది, లయ చెవికి అందదు. ఫోన్లలో తీసిన వీడియోల్లో ఫ్రేమ్ రేటు చాలాసార్లు నిలకడగా ఉండదు. విడిగా రికార్డు చేసిన శబ్దాన్ని వాటికి జతచేస్తే పోనుపోను మాట జారిపోతుంది. అందుకే వాటిని ముందుగా హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్పిడి సాఫ్ట్‌వేర్‌లో స్థిరమైన ఫ్రేమ్ రేటుకు మార్చుకుంటున్నాను.

ముహూర్తం నాటి సాయంత్రానికే టీజర్ ఇవ్వాల్సినవారికి, అందులోనూ నాలాంటి కంప్యూటర్ ఉన్నవారికి, ఈ తతంగం భారమే. మాటలూ జనఘోషా ముఖ్యమైన వీడియోలను నిదానంగా కూర్చుకునే నా పనికి మాత్రం, ప్రస్తుతానికి దీన్ని వదిలే ఆలోచన లేదు.