ఏది మేలు: బయటే బొమ్మ వేయడమా, ఫోటో చూసి వేయడమా, స్కెచ్‌బుక్కా?

పట్నం వదిలి పల్లెకు మకాం మార్చాక ఎటు చూసినా బొమ్మే కనిపిస్తుంది, చేయి మాత్రం కదలదు. చెట్టు, పొలం, మబ్బు అన్నీ ఒకేసారి పిలుస్తుంటే ముందు దేన్ని పట్టుకోవాలో తోచదు. దారులు మూడున్నాయి. ఈజిల్ (కాన్వాస్‌ను నిలబెట్టే చట్రం) మోసుకెళ్లి అక్కడికక్కడే వేయొచ్చు. ఫోన్‌తో ఫోటో తీసుకొచ్చి ఇంట్లో వేయొచ్చు. లేదంటే చిన్న స్కెచ్ గీసుకుని, పక్కన నాలుగు ముక్కలు రాసుకొచ్చి, మిగతాది జ్ఞాపకం నుంచి వేయొచ్చు. మూడింటితోనూ మంచి బొమ్మలు వచ్చాయి. కానీ కొత్తగా ఊరు మారినవాళ్లకు మూడూ ఒకటి కావు.

ఫోటో సంగతి ముందే తేల్చేద్దాం. ఫోన్‌లోని మామూలు లెన్స్ చాలా వెడల్పుగా చూస్తుంది. ఎదురుగా నిలబడితే కళ్లనిండా కనిపించిన కొండ ఫోటోలో చిన్న దిబ్బలా కూర్చుంటుంది. పైగా చాలా ఫోన్లు రెండు మూడు ఫోటోలను కలిపేసి, నీడను కాస్త వెలిగించి, ఆకాశాన్ని కాస్త తగ్గిస్తాయి. మనల్ని అక్కడ ఆపింది ఆ వెలుగూ నీడల తేడానే అయితే, ఫోటోలో పోయేదీ అదే. ఎగిరే పక్షి రెక్క, కొమ్మ చీలిన తీరు, పాత తలుపు గడియ లాంటి వాటికి ఫోటోను మించింది లేదు. అసలు ఫోటో అనేది మళ్లీ అక్కడికి రానివాళ్ల అవసరం. రెండు రోజులు ఉండి వెళ్లిపోయేవాళ్లు తీసుకోక తప్పదు. ఆ చెట్టు పక్కనే కాపురం ఉన్నవాళ్లకు అంత తొందర ఎందుకు?

బయట కూర్చుని వేయడంలో ఉన్న సుఖం వేరు. నీడలో నిజంగా ఎన్ని రంగులుంటాయో అక్కడే తెలుస్తుంది. ఈ పద్ధతి ఇంతగా వ్యాపించడానికి ఒక చిన్న వస్తువు కారణం. 1841లో జాన్ గోఫ్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు రంగులకు లోహపు ట్యూబు కనిపెట్టి పేటెంట్ తీసుకున్నాడు. అంతకుముందు నూనె రంగులను పంది మూత్రాశయంతో చేసిన తిత్తుల్లో కట్టి ఉంచుకునేవాళ్లు. ట్యూబు వచ్చాక పొలం గట్టుకు రంగులు తీసుకెళ్లడం తేలికైంది.

అయినా కష్టాలు తక్కువేమీ కాదు. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు, కాబట్టి మొదలుపెట్టినప్పటి నీడ రెండు గంటల తర్వాత అక్కడ ఉండదు. సాయంత్రమైతే అరగంట కూడా నిలవదు. ఎండ నేరుగా కాన్వాస్ మీద పడితే ఆ కాంతికి రంగులు లేతగా కనిపించి, తెలియకుండానే ముదురుగా కలిపేస్తాం. ఇంటికొచ్చి చూస్తే బొమ్మంతా చీకటి. కాన్వాస్‌ను నీడలో పెట్టుకుంటే సగం సమస్య పోతుంది. గాలి, దుమ్ము, పురుగుల సంగతి సరేసరి. డచ్ చిత్రకారుడు వాన్ గో 1889లో వేసిన ఒక ఆలివ్ చెట్ల బొమ్మలో రంగుకు అంటుకుపోయిన మిడత 2017లో బయటపడింది! అమెరికన్ చిత్రకారిణి జార్జియా ఓకీఫ్ న్యూ మెక్సికో ఎండకు తట్టుకోలేక కారునే స్టూడియో చేసుకుంది. డ్రైవర్ సీటును వెనక్కి తిప్పుకుని, వెనక సీటుకు కాన్వాస్ ఆనించి వేసేది. మన వెనకాల నిలబడి సలహాలిచ్చేవాళ్ల నుంచి కూడా కారు కాపాడుతుందనుకుంటాను.

బయట వేయడం అనగానే అందరూ ఫ్రెంచ్ చిత్రకారుడు మోనేని తలుచుకుంటారు. ఆయన జివర్నీ అనే పల్లెకు మారింది 1883లో. పేరు మోసిన గడ్డివాముల వరుస వేసింది 1890–91లో, అంటే ఏడేళ్లు అక్కడ బతికాక. వెలుగు మారినప్పుడల్లా కాన్వాస్ మార్చేవాడు, ఆ తర్వాత స్టూడియోలో కూర్చుని సరిదిద్దేవాడు కూడా. మారిన వారానికే ఈజిల్ భుజానికెత్తుకునేవాళ్లు ఈ ఏడేళ్ల సంగతి గుర్తుంచుకుంటే మంచిది.

అందుకే నా ఓటు స్కెచ్‌బుక్‌కు. ఇంగ్లండ్‌లో జాన్ కాన్‌స్టబుల్ అనే చిత్రకారుడు 1821, 1822లలో హాంప్‌స్టెడ్‌లో మబ్బులను చిన్న చిన్న నూనె రంగుల స్టడీలుగా (సాధన బొమ్మలుగా) వేసి, చాలావాటి వెనక తేదీ, వేళ, గాలి ఎటు వీస్తోందో రాసి పెట్టాడు. ఆరడుగుల పెద్ద బొమ్మలను మాత్రం స్టూడియోలోనే పూర్తి చేశాడు. మనకూ అంతే చాలు. అరచేతంత పేజీలో పెద్ద ఆకారాలు గీసి, పక్కన వేళ, ఎండ వచ్చే వైపు, అన్నిటికన్నా ముదురు ఏది, లేత ఏది అని రాసుకోవాలి. ‘ఆకుపచ్చ’ అని రాస్తే తర్వాత ఏమీ గుర్తురాదు. ‘గడ్డి కన్నా ముదురు, కాస్త నీలం కలిసింది’ అని రాస్తే ఇంట్లో రంగు కలపడానికి పనికొస్తుంది.

ఇందులోనూ ఒక ప్రమాదం ఉంది. జ్ఞాపకం బద్ధకపుది. వదిలేస్తే ప్రతి చెట్టునూ ఒకే చెట్టు చేసేస్తుంది. 1888లో ఫ్రాన్స్‌లోని ఆర్ల్ ఊళ్లో గోగాఁ అనే ఫ్రెంచ్ చిత్రకారుడు, వాన్ గో కలిసి ఉన్న రెండు నెలల్లో ఈ విషయం మీదే వాదన నడిచింది. జ్ఞాపకం నుంచి వేయమని గోగాఁ పట్టుబట్టాడు. వాన్ గో ప్రయత్నించాడు గానీ, కళ్లెదుట వస్తువు ఉంటే తప్ప ఆయనకు కుదరలేదు. ఈ జబ్బుకు మందు మాత్రం పల్లెలో ఉన్నవాళ్ల చేతిలోనే ఉంది. ఇంట్లో సగం వేశాక మర్నాడు అదే వేళకు అక్కడికే వెళ్లి, ఎక్కడ తప్పిందో చూసుకోవచ్చు. ఈ వీలు పర్యాటకులకు లేదు. బొమ్మ బాగుపడేది ఆ రెండో చూపులోనే.

కాబట్టి మొదటి ఏడాది స్కెచ్‌బుక్‌తో తిరగండి. కాళ్లు వాటంతటవే మళ్లీ మళ్లీ వెళ్లే చోటు ఏదో ఆ పేజీలే చెబుతాయి. ఈజిల్ అక్కడికి మోయండి, అదీ చిన్న బోర్డులతో. మొక్కలను రేకు రేకుగా, ఈనె ఈనెగా వేసేవాళ్లకు మాత్రం ఈ లెక్క వర్తించదు, వాళ్లకు కొమ్మ బల్ల మీద ఉండాల్సిందే. కోసిన పువ్వు గంటల్లో వాడిపోతుంది కాబట్టి ముందు పువ్వు, తర్వాత ఆకు, చివర కాడ వేసుకోవడం నయం.