అనంతపురం నుంచి కాశీకి: కర్ణాటక ఎక్స్‌ప్రెస్, ఆ తర్వాత వందే భారత్

పెద్దవాళ్ళను కాశీకి రైల్లో తీసుకుపోవాలి, ఏ బండి మంచిది, ఎట్లా పోవాలి అని మా అనంతపురం వైపు అడిగేవాళ్ళు చాలామంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా. నా సలహా ముందే చెప్పేస్తా. అనంతపురంలో కర్ణాటక ఎక్స్‌ప్రెస్ ఎక్కండి, న్యూఢిల్లీలో దిగండి, ఆ రాత్రికి అక్కడే ఆగండి, మర్నాడు పొద్దున ఆరింటి వందే భారత్‌లో వారణాసి పోండి. రాత్రి బండి దిగి ఇంకో రాత్రి బండి ఎక్కి ఒక రోజు మిగుల్చుకుందాం అనుకోకండి.

టికెట్ తీసేటప్పుడు రేటు చూస్తాం, ఎన్ని గంటల ప్రయాణమో చూస్తాం. వాటితోపాటు పగలున్నంతసేపు బండి ఎక్కడ పోతూ ఉంటుందో కూడా చూడండి. మా నాయన, అమ్మ ఇంత దూరం ఎప్పుడూ పోలేదు, మళ్ళీ పోతారో లేదో తెలియదు, అలాంటి దారిని చీకట్లో నిద్రపోతూ దాటించేయడం నాకు ఇష్టం లేకపోయింది. ఈ రెండు బండ్లూ ఎంచుకున్నది అందుకే.

కర్ణాటక ఎక్స్‌ప్రెస్ సాయంత్రం బెంగళూరులో బయలుదేరి హిందూపురం, ధర్మవరం మీదుగా పడుకునే వేళకు అనంతపురం వస్తుంది. రోజూ ఉంటుంది, మాకు అదే పెద్ద సుఖం. కడప, కర్నూలు వాళ్ళకు తిరుపతి నుంచి హజ్రత్ నిజాముద్దీన్ పోయే ఏపీ సంపర్క్ క్రాంతి ఉంది కానీ అది వారానికి మూడు రోజులే. ఎక్కి పడుకుంటే గుంతకల్లు, ఆదోని, మంత్రాలయం రోడ్డు అన్నీ నిద్రలోనే పోతాయి, పోనీ, అవి మనం చూడనివి కావు. పొద్దున కళ్ళు తెరిచేసరికి షోలాపూర్ వైపు ఉంటాం.

అక్కడి నుంచి పగలంతా మహారాష్ట్ర. మా నాయన రైతు, ఆయన కిటికీ పక్క నుంచి కదల్లేదు. షోలాపూర్ దగ్గర జొన్న, దౌండ్ దాటాక చెరకు. కోపర్‌గావ్ దగ్గర గోదావరి దాటుతాం. మనకు గోదావరి అంటే రాజమండ్రి వంతెనే గుర్తొస్తుంది, ఇక్కడ మాత్రం త్రయంబకం దగ్గర పుట్టి ఎంతో దూరం రాని నది, బండి క్షణాల్లో దాటేస్తుంది. అమ్మ "గోదారమ్మ ఇంతేనా" అంది, అంటూనే చేతులు జోడించింది. షిర్డీ పోయేవాళ్ళు కోపర్‌గావ్‌లోనే దిగిపోతారు. అప్పటిదాకా బోగీ అంతా తెలుగు, కన్నడం, ఆ తర్వాత మన మాట మనకే వినిపిస్తుంది. పెద్దవాళ్ళకు హిందీ రాకపోతే ఇక్కడి నుంచి పక్కనే ఉండండి.

జల్గావ్ నుంచి భుసావల్, రావేర్ మీదుగా బుర్హాన్‌పూర్ వరకు అరటి తోటలు. మాది నార్పల పక్క పల్లె, అరటి మాకేం కొత్త కాదు, అయినా అన్ని మైళ్ళు వరసగా అరటి చూసి నాయన "ఇన్నిటికి నీళ్ళు యాడివిరా" అన్నాడు. మన పొలాల్లో డ్రిప్పు పైపుల మీద కనిపించే జైన్ ఇరిగేషన్ వాళ్ళ ఊరు ఈ జల్గావే అని చెప్తే, అప్పుడు తోటల్లో పైపులు కనిపిస్తాయేమో అని వెతకడం మొదలుపెట్టాడు. భుసావల్ దాటాక తాపీ నది. తర్వాత చీకటి పడుతుంది. నర్మద రాత్రిపూట దాటుతాం, చేసేదేమీ లేదు, అమ్మ మేలుకుని కూర్చుని శబ్దం మారినప్పుడు నాణెం కిటికీలోంచి వేయలేకపోయానని బాధపడింది, ఏసీ బోగీ కదా, అద్దం తెరుచుకోదు.

అసలైన మాట ఇప్పుడు చెప్తా. రెండో రోజు తెల్లవారుజామున గ్వాలియర్ వచ్చేసరికి అలారం పెట్టుకుని లేవండి. మొరేనా దాటాక చంబల్ లోయలు వస్తాయి. భూమిని ఎవరో గోళ్ళతో రక్కినట్టు, ఎటు చూసినా మట్టి దిబ్బలు, వాటి మధ్య లోతైన పాయలు, వాననీళ్ళు ఏళ్ళ తరబడి కోసుకుంటూ పోయి నేల మిగలకుండా చేశాయి. దున్నడానికి లేదు, నడవడానికి లేదు. ఒకప్పటి బందిపోట్ల చోటు ఇదే, 1972లో సర్వోదయ నాయకుడు జయప్రకాశ్ నారాయణ్ చొరవతో చాలామంది ఆయుధాలు వదిలేసి లొంగిపోయింది ఈ మొరేనా జిల్లాలోనే. ఆ దిబ్బలను చూస్తే అక్కడ దాక్కున్నవాణ్ణి పోలీసులు ఎట్లా పట్టుకోగలరు అనిపిస్తుంది. తర్వాత వంతెన, కింద చాలా లోతులో చంబల్, నీళ్ళు చాలా శుభ్రంగా ఉంటాయి, మొసళ్ళ కోసం ఆ నదిని అభయారణ్యంగా ఉంచారు. వంతెనకు ఈ పక్క మధ్యప్రదేశ్, ఆ పక్క రాజస్థాన్. టైమ్‌కు నడిస్తే ఇక్కడ వెలుతురు ఇంకా పూర్తిగా రాకపోవచ్చు, మా బండి కొంచెం ఆలస్యమవడం వల్ల ఎండ పడ్డాక చూశాం, ఆలస్యానికి సంతోషపడింది ఇదొక్కసారే. ధోల్‌పూర్ తర్వాత ఆగ్రా, మథుర ఉత్తరప్రదేశ్‌లో, పల్వల్, ఫరీదాబాద్ హర్యానాలో, ఆ తర్వాత ఢిల్లీ. ఒక్క పొద్దున్నే ఇన్ని రాష్ట్రాలు దాటడం నాయనకు భలే నచ్చింది.

ఆగ్రాలో పేఠా అమ్ముతారు. బూడిద గుమ్మడికాయతో చేస్తారు, మనం వడియాలు పెట్టుకునే కాయే. అమ్మ ఒక ముక్క తిని తీపి ఎక్కువైంది అంది కానీ డబ్బా మాత్రం కొనిపించింది.

తిండి సంగతి. మొదటి రోజుకు చిత్రాన్నం, ఆ తర్వాతికి ఎండు సజ్జరొట్టెలు, శెనక్కాయల పొడి, నిప్పట్లు, బొరుగులు కట్టుకుపోయాం, సరిపోయాయి. పెరుగు స్టేషన్లలో కొనుక్కోవచ్చు. ఢిల్లీలో దిగినరోజు అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ క్యాంటీన్‌కు పోండి. రొట్టెలతో సరిపెట్టుకున్న పెద్దవాళ్ళకు వేడి అన్నం, పప్పు కనిపిస్తే ముఖాలే మారిపోతాయి.

ఇక వందే భారత్. దేశంలో మొదటి వందే భారత్ ఇదే, 2019 ఫిబ్రవరి 15న మొదలైంది. ఢిల్లీ నుంచి వారణాసికి 759 కిలోమీటర్లు, దాదాపు ఎనిమిది గంటలు, మధ్యలో కాన్పూర్, ప్రయాగ్‌రాజ్ మాత్రమే. అన్నీ కుర్చీలే, పడుకోవడానికి లేదు, అందుకే ముందురోజు ఢిల్లీలో ఆగమన్నది, నడుము నొప్పి ఉన్నవాళ్ళకు ఒక చిన్న దిండు పెట్టుకోండి. తిండి వద్దనుకుంటే టికెట్ తీసేటప్పుడే వద్దని పెట్టొచ్చు, ఆ మేరకు డబ్బు తగ్గుతుంది. కిటికీ అద్దాలు పెద్దవి, శుభ్రంగా ఉన్నాయి, బండి ఊగడం తక్కువ, అమ్మ టీ ఒలకకుండా తాగింది.

కానీ నేను ఈ బండికి మార్కులు వేసేది ఆ కిటికీలోంచి కనిపించే నేలకు. యమున దాటి ఢిల్లీ వదిలాక ప్రయాగ దాకా గంగకు, యమునకు మధ్యలోనే పోతాం, అయినా గంటల తరబడి రెండు నదుల్లో ఏదీ కనిపించదు. కనిపించేదంతా పొలమే. మేం పోయింది ఫిబ్రవరి చివర్లో, గోధుమ పచ్చగా ఉంది, అక్కడక్కడా ఆవాల పూలు, తవ్వి కుప్పపోసిన ఆలుగడ్డలు, ఇటుక బట్టీల పొగగొట్టాలు, గుడిసెంత ఎత్తు పేర్చిన పిడకలు. ఒక్క గుట్ట లేదు. ఒక్క బండరాయి లేదు. మన దగ్గర నాగలి పెడితే రాయి తగలని చేను ఎక్కడుంది? నాయన చాలాసేపు మాట్లాడకుండా చూసి, "ఈ మన్నులో ఏసింది పండక ఏం జేస్తుందిరా" అన్నాడు. హరిద్వార్ దగ్గర గంగ నుంచి తీసిన కాలువ 1854లోనే మొదలైందని, ఈ నేలకు ఆ కాలువల నీళ్ళు, దానికి తోడు బోర్లు ఉన్నాయని చెప్పాను. మాకు హంద్రీ-నీవా కాలువ నీళ్ళ కోసం ఎన్నేళ్ళు ఎదురుచూడాల్సి వచ్చిందో గుర్తొచ్చి నాకు గొంతు పట్టేసింది. ఇదే దారిలో రాత్రి బండి ఎక్కి ఉంటే నాయన ఇందులో ఒక్క చేను కూడా చూసేవాడు కాదు.

మధ్యాహ్నానికి వారణాసిలో దిగేస్తాం, గది చూసుకుని సాయంత్రం గంగా హారతికి పోయేంత టైం ఉంటుంది. అక్కడ తెలుగువాళ్ళకు ఆంధ్రాశ్రమం ఉంది, ముందుగా మాట్లాడుకుని పోవడం మంచిది.

వాపసు వచ్చేటప్పుడు మాకు పగటి బండి కుదరక ఆ మైదానంలోనే ఒక రాత్రి బండి స్లీపర్‌లో రావాల్సి వచ్చింది. పేరు రాయను. బెర్తులు కన్ఫర్మ్ అయినా మా మీద మనుషులు, కింద మనుషులు, దారిలో మూటలు, అమ్మ బాత్రూంకు పోవడానికి దారి లేక తెల్లారేదాకా బిగబట్టుకుంది. పద్నాలుగు రూపాయల రైల్ నీర్ నీళ్ళ బాటిల్‌కు ఒక కుర్రాడు ఇరవై అడిగాడు, ఇవ్వనన్నాను, వెళ్ళిపోయాడు. రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేస్తే తర్వాతి పెద్ద స్టేషన్‌లో ఒకాయన వచ్చి మా బెర్తుల వరకు ఖాళీ చేయించాడు, కాబట్టి ఆ నంబరుకు ఫోన్ చేయడం వృథా కాదు. అయినా పెద్దవాళ్ళతో ఆ వైపు రాత్రి ప్రయాణం తప్పదంటే థర్డ్ ఏసీ తీయండి, అక్కడ డబ్బు చూసుకోవద్దు.

బుకింగ్ ఇప్పుడు అరవై రోజుల ముందే తెరుచుకుంటుంది, మొదటి రోజే తీసేయండి. అనంతపురం నుంచి వెయిటింగ్ చూపిస్తే బెంగళూరు నుంచి టికెట్ తీసి బోర్డింగ్ అనంతపురం పెట్టుకోవచ్చు. తత్కాల్ నమ్ముకుంటే ఐఆర్‌సీటీసీ ఖాతాకు ఆధార్ ముందే కలపాలి. సీనియర్ సిటిజన్ రాయితీ 2020లో తీసేశారు, మళ్ళీ ఇవ్వలేదు, అది ఇచ్చి తీరాలని నా అభిప్రాయం, జీవితమంతా ప్యాసింజర్ బండ్లలో తిరిగిన మా నాయనలాంటి వాళ్ళకు దూర ప్రయాణం చేసే వయసు ఇదే. వయసు సరిగ్గా వేస్తే కింది బెర్తు మాత్రం చాలావరకు దొరుకుతుంది. డిసెంబర్, జనవరిలో పోకండి, ఉత్తరాదిన పొగమంచుకు బండ్లు గంటల కొద్దీ ఆగిపోతాయి, ఎదురుగా చేను కూడా కనిపించదు. ఫిబ్రవరి చివర నుంచి మార్చి మధ్య వరకు మంచి టైం, ఆ తర్వాత ఎండలు ముదురుతాయి, మే, జూన్‌లో అయితే మన అనంతపురం ఎండల కంటే ఘోరం.