పీసీజీఎస్, ఎన్‌జీసీ గ్రేడింగ్: ఏ అమెరికన్ నాణేనికి ఫీజు కట్టాలి, దేనికి వద్దు

పీసీజీఎస్, ఎన్‌జీసీ నాణేలకు గ్రేడు ఇచ్చే అమెరికన్ సంస్థలు. 1986లో మొదలైన పీసీజీఎస్, ఆ మరుసటి ఏడాది వచ్చిన ఎన్‌జీసీ చేసే పని ఒకటే. మనం పంపిన నాణేన్ని నిపుణులు పరిశీలించి, 1 నుంచి 70 దాకా ఉండే షెల్డన్ స్కేలు మీద అంకె వేసి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసి తిరిగి పంపుతారు. ఆ డబ్బానే స్లాబ్ అంటారు. 60, ఆపైన వచ్చిందంటే చేతులు మారి అరగని నాణెమని అర్థం. కొనేవాళ్ల కళ్లన్నీ ఆ అంకె మీదే ఉంటాయి కానీ, ఈ సేవలో అసలు విలువైనది నాణెం నకిలీ కాదన్న హామీ.

మోర్గాన్ డాలర్ అనే పాత వెండి నాణేన్నే తీసుకోండి. 1921లో ఒక్క ఫిలడెల్ఫియా టంకశాలే 4.46 కోట్లకు పైగా కొట్టింది. 1893లో శాన్ ఫ్రాన్సిస్కో కొట్టినవి లక్షే. రెండింటి బరువూ 26.73 గ్రాములే, రెండింటిలోనూ 90 శాతం వెండే. అరిగిన 1921 డాలర్ దాదాపు వెండి ధరకే దొరుకుతుంది. 1893-ఎస్ (ఎస్ అంటే శాన్ ఫ్రాన్సిస్కో టంకశాల గుర్తు) బాగా అరిగినా వేల డాలర్లు పలుకుతుంది. అందుకే అదే ఏడాది ఫిలడెల్ఫియా డాలర్ బొరుసు మీద, దండ ముడి కింద, చిన్న ఎస్ అక్షరాన్ని అతికించి మోసం చేస్తారు. తక్కెడకూ అయస్కాంతానికీ అది దొరకదు, ఎందుకంటే ఆ నాణెం అసలుదే, అక్షరమే దొంగది.

పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం ఉంటే బొమ్మ వైపు చూడండి. నిజమైన 1893-ఎస్ డాలర్లన్నీ ఒకే బొమ్మ అచ్చుతో కొట్టినవి. కాబట్టి లిబర్టీ అన్న మాటలో టి అక్షరం పైభాగాన ఒక సన్నని ఏటవాలు గీత ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. తేదీలోని 1 అంచు పళ్లలో ఒకదానికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. ఎస్ చుట్టూ జిగురు చారగానీ, రంగు తేడాగానీ కనిపిస్తే అక్కడితో ఆపేయండి.

లింకన్ బొమ్మ ఉండే 1914-డి సెంటుదీ ఇదే తంతు (డి అంటే డెన్వర్ టంకశాల). 1944-డిలో మొదటి 4ను చెక్కి 1 చేస్తారు. లింకన్ భుజం కింద శిల్పి బ్రెన్నర్ పొడి అక్షరాలు వి.డి.బి. కనిపిస్తే అది నకిలీయే, 1909లోనే తీసేసిన ఆ అక్షరాలు 1918లోగానీ మళ్లీ రాలేదు. 1916-డి డైమ్ (పది సెంట్ల నాణెం), 1909-ఎస్ వి.డి.బి. సెంటు కూడా ఈ కోవలోవే. ఈ నాలుగింటికీ ఫీజు కట్టడం దండగ కాదు. స్లాబ్ లేకుండా వీటిని కొననే వద్దు.

అరుదుతనం లెక్కకు ఈ సంస్థలు ఏ గ్రేడులో ఎన్ని నాణేలు చూశాయో పాపులేషన్ రిపోర్టులో ఇస్తాయి. ఎన్ని కొట్టారన్న అంకె కంటే ఇది నయం. 1918 నాటి పిట్‌మన్ చట్టం కింద 27 కోట్ల వెండి డాలర్లను కరిగించేశారు, ఏ ఏడాదివి ఎన్ని పోయాయో లెక్క రాయలేదు. న్యూ ఓర్లీన్స్ టంకశాల కొట్టిన 1903-ఓ డాలర్ అరుదైనదని అందరూ నమ్మేవారు. 1962 చివర్లో ట్రెజరీ ఖజానాలోంచి సంచులకు సంచులు బయటికొచ్చి దాని ధర ఒక్కసారిగా కుప్పకూలింది. అయితే ఈ రిపోర్టులోనూ ఒక లోపం ఉంది. మెరుగైన గ్రేడు కోసం డబ్బా పగలగొట్టి అదే నాణేన్ని మళ్లీ పంపేవాళ్లుంటారు, పాత లేబుల్ వెనక్కి ఇవ్వకపోతే ఒకే నాణెం రెండుసార్లు లెక్కకొస్తుంది.

గ్రేడు అంకె ధరను తిరగేసే నాణేలూ ఉన్నాయి. 1884-ఎస్ డాలర్ అరిగినది ఎక్కడైనా దొరుకుతుంది. అరగనిది దొరకడం చాలా కష్టం, ధరలో తేడా అలా ఇలా ఉండదు. అలాంటి చోట 58కీ 62కీ మధ్య నిపుణుల అభిప్రాయభేదం కూడా పెద్ద డబ్బే. గ్రేడింగ్ అంతిమంగా మనిషి కన్ను, ఒకే నాణేనికి రెండుసార్లు రెండు అంకెలు రావడం జరిగేదే.

పంపినవాళ్లకు ఎక్కువగా ఎదురయ్యే నిరాశ, అంకెకు బదులు "డీటెయిల్స్" అని, కడిగారని రాసి రావడం. పంపేముందు ఒకే దీపం కింద నాణేన్ని నెమ్మదిగా తిప్పండి. తాకని వెండి మీద వెలుగు బండిచక్రం ఆకుల్లా తిరుగుతుంది. అచ్చు దెబ్బకు లోహం పారినప్పుడు ఏర్పడ్డ సూక్ష్మమైన చారలే ఆ తళుకు. బట్టతో రుద్దితే అవి పోతాయి, ఒకే దిక్కున సన్నని గీతలు మిగులుతాయి. వాటిని వెనక్కి తెచ్చే మార్గం లేదు. మెత్తటి పీవీసీ కవర్లలో ఉండి ఆకుపచ్చ జిగురు పట్టినవాటిని మాత్రం గాజు గిన్నెలో స్వచ్ఛమైన అసిటోన్‌లో నానబెట్టి, రుద్దకుండా ఆరనివ్వచ్చు. మంట దగ్గర వద్దు, గోళ్ల రంగు తుడిచే ద్రావకం అసలే వద్దు.

ఖర్చులో ఫీజు ఒక్కటే కాదు. సభ్యత్వం లేదా అధీకృత డీలర్ కమీషన్, రానుపోను బీమా తపాలా కలపాలి. మనం ప్రకటించే విలువను బట్టి ఫీజు తరగతి మారుతుంది. గ్రేడు వచ్చాక పెరిగే ధర ఈ మొత్తం ఖర్చుకు రెట్టింపైనా లేకపోతే పంపకండి. మామూలు 1921 మోర్గాన్‌లూ, 1964 వరకు వచ్చిన మామూలు వాడుక క్వార్టర్లూ (పాతిక సెంట్ల నాణేలు) ఈ లెక్కలో నిలబడవు.

రెండు సంస్థలూ హామీ ఇస్తాయి. పీసీజీఎస్ హామీలో రాగి రంగు మారడం చేరదని గుర్తుంచుకోండి, ఎర్రటి సెంట్లు కొనేవాళ్లకు ఇది ముఖ్యం.

స్లాబ్‌లకూ నకిలీలున్నాయి. లేబుల్ మీది నంబరును సంస్థ వెబ్‌సైటులో కొట్టి చూడటంతో సరిపెట్టుకోకండి, దొంగలు నిజమైన నంబర్లనే కాపీ కొడతారు. అక్కడ ఫొటో ఉంటే బొమ్మ చెంప మీది గీతలూ, అంచున రంగు మచ్చలూ మీ చేతిలోని నాణెంతో ఒక్కొక్కటిగా పోల్చండి.